ఏడో చామంతి

ఇలా దగ్గరికి జరగండమ్మా. తలుపు దగ్గరగా వేసి పొయ్యి పక్కకి రండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు. పోయిన వారం వెల్టాని టెలిఫోను దగ్గర వదిలేశాం. ఇంకా అక్కడే ఉంది.

"మేం ఊళ్ళో ఉండటం లేదండీ," అంటోంది గొంతు తగ్గించి. "సముద్రం ఒడ్డుకి వెళ్తున్నాం. ఆయనకి గాలి మార్పు కావాలన్నాడు డాక్టరు. అవునండీ, ఈ ఏడాదికి పండగ లేనట్టే. మీ ఆవిడకి కూడా చెప్పండి."

ఫోను పెట్టేసి వెనక్కి తిరిగేసరికి అత్తగారు లవీజా గుమ్మంలో నిలబడి ఉంది. ఆమె చేతిలో సగం ఈకలు పీకిన కోడిపుంజు తల వేలాడేసుకుని ఉంది.

"ఎవరితో?"

"ఎవరితోనూ కాదు."

"ఎవరితోనూ కాకుండానే అంత మర్యాదగా మాట్లాడావా? నాతో ఒక్కనాడూ అట్లా మాట్లాడవే. సముద్రం ఒడ్డుకి ఎవరు వెళ్తున్నారు పిల్లా? పుంజుని కోసింది నేను. నాకు తెలియని ప్రయాణమా?"

వెల్టా టెలిఫోను తీగ సర్దింది.

"పేరు పండక్కి రమ్మని పిలవడమే మన ఇంటా వంటా లేదు," అంది లవీజా. "రావద్దని పిలవడం ఎక్కడ నేర్చావే?"

ఆ ముసలామె అన్నది నిజమే. రీగాలో పేరు పండగంటేనే పిలవని పేరంటం. నవంబరు పదిన పంచాంగంలో మార్టిన్ష్ పేరు ఉంటుంది. ఆ పేరున్న మగవాడి ఇంట ఆ రోజు తలుపుకి గడియ వెయ్యరు. బల్ల సర్ది పెడతారు. ఎవరినీ పిలవరు. వచ్చినవాడు మనవాడు, రానివాడు కాడు, అంతే లెక్క. పోయిన ఏడు ఇదే రోజున వెల్టా మొగుడు మార్టిన్ష్ స్కుయా ఇంట్లో వచ్చినవాళ్ళ కోట్లు మంచం మీద గుట్టపడి, అడుగున పడుకున్న పిల్లి కనపడక సాయంత్రమంతా వెతికారు.

పోయిన ఏడు మార్టిన్ష్ పార్టీ పత్రికకి సంపాదకుడు, పై కమిటీలో సభ్యుడు. ఈ ఏడు ఏమీ కాడు. రీగా దుకాణాల్లో, ఆసుపత్రుల్లో పనిచేసేవాళ్ళు రష్యన్ ఒక్కటే కాక ఈ ఊరి జనం మాట కూడా నేర్చుకోవాలని ఒక సంపాదకీయం రాశాడు. ఎండాకాలం పార్టీ మీటింగులో దాన్ని పట్టుకుని, జాతి పిచ్చి అన్నారు. కుర్చీ లాగేశారు. ఇప్పుడు ఒక వ్యాసం పంపారు, అంతా వాళ్ళే రాసి. తనకి ఆ పిచ్చి ఎక్కించినవాడు పాత మిత్రుడు క్రిష్యానిస్ అని అందులో ఉంది. కింద మార్టిన్ష్ సంతకం ఒక్కటే తక్కువ. సంతకం పెడితే ఇతను బతుకుతాడు. క్రిష్యానిస్‌ని పార్టీలోంచి గెంటుతారు, ఆ మీదట ఏ దిక్కుకి దేశాంతరం రైలెక్కిస్తారో ఎవరికీ తెలియదు.

ఆ పొద్దున్నే గడ్డం గీసుకుంటూ అద్దంలోంచి వెల్టాతో అన్నాడు.

"రాత్రి ఎనిమిదికి కాగితం కోసం వస్తారు. ఈలోపల నా పాతవాళ్ళలో ఒక్కడు ఈ గుమ్మం తొక్కినా, అది పొయ్యిలో పడేస్తాను. ఒక్కడూ రాకపోతే పెట్టేస్తాను సంతకం. ఎవడి కోసం దాచుకోవాలి ఈ చెయ్యి?"

అతను నురగ కడుక్కుంటూ ఉండగానే వెల్టా టెలిఫోను దగ్గరికి నడిచింది.

"వాడితో చెప్తాను," అంది లవీజా.

"చెప్పండి. హాస్టల్లో ఉన్న మీ మనవరాలు రస్మాతో కూడా మీరే చెప్పండి. డాక్టరీ చదువు మానేసి చేపల ఫ్యాక్టరీలో డబ్బాలకి మూతలు బిగించమనండి. వాళ్ళ నాన్న సంగతి తేలాకే దాన్ని పరీక్షకి రమ్మన్నారట కాలేజీలో. తేలుద్దామనే చూస్తున్నాను."

"స్నేహితుణ్ణి అమ్మి తేలుస్తావా?"

"ఉల్దిస్‌ని ఎవరు అమ్మారత్తయ్యా?"

ఆ పేరు ఆ ఇంట్లో పలకరు.

వెల్టా మెల్లగానే అంది. "అప్పుడూ ఇట్లాంటి కాగితమే. పాత సర్కారు ఈయన్ని జైల్లో పెట్టింది. తప్పయిందని సంతకం పెడితే ఇంటికి పంపిస్తామన్నారు. వద్దురా అన్నాడు పక్కన పడుకున్న క్రిష్యానిస్. ఈయన పెట్టలేదు. నాలుగేళ్ళ ఉల్దిస్‌కి గొంతు పూడుకుపోతుంటే నా గదిలో పొయ్యిలోకి కుర్చీ కాళ్ళు విరిచి పెట్టాను నేను. పూడ్చేనాడు మీరు పల్లెలో, ఆయన జైల్లో. పువ్వులైనా దొరకలేదు. కాగితంతో రెండు చేసి పెట్టాను."

రెండు. మా దేశంలో బతికినవాళ్ళకి బేసి పువ్వులిస్తారు, పోయినవాళ్ళకి సరి పువ్వులు పెడతారు. పసిపిల్లలకి కూడా తెలుసు ఆ లెక్క.

లవీజా వంటింట్లోకి వెళ్ళిపోయి మిగిలిన ఈకలు పీకడం మొదలుపెట్టింది. కొడుకుతో చెప్పలేదు. రస్మా కోసమే చెప్పలేదని తనకి తాను చెప్పుకుంది.

*

మధ్యాహ్నానికి బల్ల సిద్ధమైంది. పంది కొవ్వు ముక్కలు వేసిన బఠాణీలు, లోపల ఉల్లిపాయ కూరిన చిన్న రొట్టెలు, కాల్చిన పుంజు. నడిమధ్యన క్లింగెరిస్, కుంకుమపువ్వూ ఎండుద్రాక్షా వేసి మెలికతిప్పి కాల్చిన పసుప్పచ్చ తీపి రొట్టె. మొదటి అతిథి వచ్చి కత్తి పెట్టేదాకా దాన్ని ఇంటివాళ్ళు ముట్టరు.

మార్టిన్ష్ మంచి కోటు వేసుకుని, టై కట్టుకుని, తలుపుకి ఎదురుగా కూర్చున్నాడు.

"ఇంకో పది గ్లాసులు తీసిపెట్టు వెల్టా. పోయినసారి చాలక టీ కప్పుల్లో తాగారు."

"ఉన్నవి చాల్లే."

"ఏం చాలు? ప్రెస్సు వాళ్ళొక్కళ్ళే ఆరుగురొస్తారు."

లవీజా గ్లాసులు తెచ్చి టకటకా బల్ల మీద పెట్టింది. "తీసుకోరా. రానివాడు తాగడానికి ఏ గ్లాసైతేనేం?"

"అమ్మా, ఇవాళ నా పండగ. ఒక్కరోజు నోటికి సెలవివ్వు."

"నా నోటికి సెలవిస్తే ఈ ఇంట్లో చప్పుడు ఉంటుందట్రా?"

మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. మార్టిన్ష్ లేచి కోటు బొత్తాం పెట్టుకున్నాడు. అడుగులు గుమ్మం దాటి పై అంతస్తుకి పోయాయి. బొత్తాం తీసి కూర్చున్నాడు. మళ్ళీ అడుగులు. మళ్ళీ లేచాడు. ఎదురింటావిడ కుక్కని తిప్పి తెచ్చింది.

వెలుతురు పోయింది. దీపం పెట్టారు. పుంజు మీద కొవ్వు తెల్లగా పేరుకుంది.

"ట్రాములు ఆగిపోయాయేమో," అన్నాడు మార్టిన్ష్.

కిటికీ కిందనుంచే ట్రాము గంట కొట్టుకుంటూ పోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు.

వెల్టా కట్టెల బుట్ట తీసుకుని నేలమాళిగకి దిగింది. కట్టెలు అయిపోయి కాదు. అతను బొత్తాం పెట్టుకోవడం, తీసుకోవడం ఇక చూడలేక.

*

బుట్ట నింపుకుని ఎక్కుతుంటే కింది మెట్ల మీద ఎవరో గోడ పట్టుకుని ఆయాసం తీర్చుకుంటున్నారు. గొర్రెతోలు టోపీ, మోకాళ్ళు తేలిన ప్యాంటు. చేతిలో వార్తాపత్రికలో చుట్టిన పువ్వులు.

క్రిష్యానిస్. ఊరవతల రైలుకట్ట పక్కన ఒంటరిగా ఉంటాడు. ఫోను లేదు. అందుకే వెల్టా అతనికి చెప్పలేకపోయింది. పక్షవాతం వచ్చిన కాలితో అంత దూరం రాడులే అనుకుంది.

"చెల్లెమ్మా," అన్నాడతను. "మీ మెట్లు పోయిన ఏటికంటే ఎక్కువయ్యాయా?"

"మీరు ఎందుకొచ్చారు?"

"మీరూ అంటున్నావా? సరేలే." కాగితం విప్పి చూపించాడు. తెల్ల చామంతులు. మా వైపు వాటిని మార్టిన్ గులాబీలంటారు, ఈ పండగ నాటికే పూస్తాయని. "మంచుకి మిగిలినవి ఇవే. ఏడు. ఎనిమిదోది కూడా ఉంది, సరిసంఖ్య అవుతుందని దాన్ని మొక్కకే ఉంచాను. ఎందరొచ్చారు పైన?"

"చాలామంది," అంది వెల్టా.

అతను చెవి ఒగ్గాడు. పైనుంచి ఏ సందడీ లేదు.

"ఆ వ్యాసం సంగతి నాకు తెలిసింది," అన్నాడు. "సంతకం పెట్టేయమని చెబుదామనే వచ్చాను. నేను ఎక్కవలసిన రైలు ఎట్లాగూ ఒకటి ఉండనే ఉంది, తూర్పుకైతేనేం, పడమటికైతేనేం. ఆ జైల్లో వాణ్ణి వద్దన్నది నేను. ఇవాళ పెట్టమనేదీ నేనే. నీ బిడ్డ ఒకడు పోయాడు నా మాట వల్ల. రెండోదాని చదువు పోకూడదు."

వెల్టా చేతిలో బుట్ట బరువెక్కింది. ఇరవై ఏళ్ళుగా అతను ఒక్కమాట అంటాడేమోనని ఎదురుచూసింది. అన్నాడు. అది విన్నాక లోపల చల్లబడుతుందనుకుంది. చల్లబడలేదు, ఇంకా మండింది. ఎంత తేలిగ్గా వచ్చింది ఆ మాట, చేతిలో పువ్వులతో పాటు.

ఇంకోటి కూడా తెలుసు ఆమెకి. ఈ మాట క్రిష్యానిస్ నోట వింటే మార్టిన్ష్ చచ్చినా సంతకం పెట్టడు. ఇద్దరూ ఒకరినొకరు కౌగిలించుకుని, కాగితం పొయ్యిలో వేసి, పాత జైలు కబుర్లు చెప్పుకుంటారు. రస్మా సంగతి మళ్ళీ ఎవరికీ గుర్తుండదు.

"ఆయన మిమ్మల్ని చూడనన్నారు," అంది. "వస్తే పంపించేయమన్నారు."

"వాడా అన్నాడు?"

"నాతోనే అన్నారు. మీ మొహం చూస్తే చెయ్యి వణుకుతుందట."

ముసలాయన టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"వణకనివ్వకూడదు మరి," అన్నాడు చివరికి. పువ్వులు బుట్టలో కట్టెల మీద పెట్టాడు. "ఇవైనా ఇవ్వు. నేను వచ్చినట్టు చెప్పు."

కుంటుకుంటూ మెట్లు దిగి వెళ్ళిపోయాడు. వీధి తలుపు మెల్లగా, ఎవరికీ ఇబ్బంది కాకుండా వేశాడు.

వెల్టా తమ గుమ్మం ముందుకి వచ్చి నిలబడింది. పువ్వులకి నారతాడు ముడి ఉంది. ఆ ముడి ఆమెకి తెలుసు. జైల్లో ఒక కిటికీ నుంచి ఇంకో కిటికీకి తాడు మీద చీటీలు దింపుకునేవాళ్ళు. జారని ముడి అది. క్రిష్యానిస్ చెప్పుల జతకైనా అదే ముడి వేస్తాడు.

ముడి విప్పలేదామె. మధ్యలోని పువ్వు తల పట్టుకుని పైకి లాగింది. జారి వచ్చేసింది. దాన్ని బుట్ట అడుక్కి, కట్టెల కిందికి దోపింది. మిగిలిన ఆరూ గుమ్మం ముందు పట్టా మీద పెట్టి, గంట నొక్కి, గబగబా మెట్లు దిగి మలుపులో నిలబడింది.

లోపల కుర్చీ కిందపడిన చప్పుడైంది. అంత తొందరగా లేచాడు మార్టిన్ష్. తలుపు తీసుకుంది.

"రండి రండి," అన్న గొంతు వినబడింది. తర్వాత ఏమీ లేదు. తర్వాత, "ఎవరూ?" అని మెట్లలోకి పిలిచాడు. "ఎవరది?"

వెల్టా బుట్టని గుండెలకి హత్తుకుని గోడకి అతుక్కుంది.

*

ఆమె లోపలికి వచ్చేసరికి పువ్వులు బల్ల మీద ఉన్నాయి. తల్లీకొడుకులు వాటికి చెరోవైపు నిలబడి ఉన్నారు.

"ఆరు," అన్నాడు మార్టిన్ష్. "ముడి చూస్తేనే తెలుస్తోంది, క్రిష్యానిస్ తెచ్చి గుమ్మంలో పడేసి పోయాడు. లోపలికి రాలేదు."

"ముసలాడు, లెక్క తప్పాడేమో," అంది వెల్టా బుట్ట దింపుతూ.

"వాడా? జైలు గదిలో మాకు రొట్టె పంచేవాడు. తొమ్మిదిమందికి ఒక రొట్టె. చిన్న తునక కూడా ఒకడికి ఎక్కువ పోయేది కాదు. క్రిష్యానిస్ లెక్క తప్పడు." కుర్చీ నిలబెట్టి కూర్చున్నాడు. "నేను సంతకం పెట్టకముందే నన్ను పూడ్చేశాడు వీడు. ఇంకా బతికి కూర్చున్నాను నేనిక్కడ, వాడి కోసం బొత్తాలు పెట్టుకుంటూ."

"ఈ ముడి వదులుగా ఉందేమిట్రా?" అంది లవీజా పువ్వుల కట్టని తిప్పి చూస్తూ. "ఆ అబ్బాయి వేసిన ముడి వదులవదే."

"చేతులు వణికి ఉంటాయి," అంది వెల్టా వెంటనే.

లవీజా కోడలి వంక చూసింది. వెల్టా పొయ్యి తలుపు తీసి రెండు కట్టెలు వేసింది, పైన ఉన్నవి మాత్రమే.

ఎనిమిదయ్యేసరికి విస్వాల్దిస్ వచ్చాడు. ఇప్పుడు సంపాదకుడి కుర్చీలో కూర్చునేది అతనే. వార్త ఎట్లా రాయాలో, వాక్యం ఎక్కడ ఆపాలో మార్టిన్షే నేర్పాడు. ఎండాకాలం దాకా గురువుగారూ అనేవాడు.

"కామ్రేడ్ స్కుయా," అన్నాడు గుమ్మంలోనే. "పండగ శుభాకాంక్షలు. పువ్వుల కొట్టు మూసేశారు."

"ఏం ఫర్వాలేదు. ఉన్నాయి మాకు."

విస్వాల్దిస్ ఖాళీ గ్లాసుల వరస చూశాడు. చూడనట్టు క్లింగెరిస్ వంక తిరిగాడు. "ఇంకా కొయ్యలేదే."

"మొదటి అతిథి కోస్తాడు నాయనా," అంది లవీజా.

"నేను పని మీద వచ్చానండీ. అతిథిని కాను."

అంటూనే కత్తి అందుకుని పెద్ద ముక్క కోసుకున్నాడు. ద్రాక్షలున్న వైపే చూసి కోశాడు.

"అతిథివి కానప్పుడు ఇంత తింటున్నావు," అంది లవీజా. "అయ్యుంటే బల్ల కూడా మిగిలేది కాదు."

మార్టిన్ష్ కాగితాలు తెచ్చి దీపం కింద పెట్టుకున్నాడు. వెల్టా ఊపిరి తీసుకుంది. అయిపోతుంది. ఒక గీత గీస్తాడు, అయిపోతుంది. కానీ అతను కలం తియ్యలేదు. జేబులోంచి ఎర్ర పెన్సిల్ తీశాడు. ప్రెస్సుకి పోయే ప్రతి కాగితం మీదా నడిపే పెన్సిల్ అది.

"ఇది ఎవరు రాశారు? నువ్వేనా?" అన్నాడు. "చచ్చు వాక్యం. ఎవడు నమ్ముతాడు దీన్ని? మనిషి కనబడాలి విస్వాల్దిస్. ఎన్నిసార్లు చెప్పాను?"

గీత కొట్టి, పైన రాసి, చదివి వినిపించాడు. "జైలు గదిలో రొట్టె పంచేటప్పుడు కూడా అతను మన జాతివాడికి పెద్ద ముక్కా, రష్యన్ కామ్రేడ్‌కి చిన్న ముక్కా ఇచ్చేవాడు. ఆ ఆకలి నేను కళ్ళారా చూశాను."

విస్వాల్దిస్ నమలడం ఆపాడు. "ఇది మాకు తెలియదే. ఇదొక్కటి చాలు."

"మార్టిన్ష్," అంది వెల్టా. "సంతకం పెడితే చాలన్నారు కదా. అది ఎందుకు?"

"నాకు సరిసంఖ్య పెట్టాడు వాడు," అన్నాడు మార్టిన్ష్ తల ఎత్తకుండా. "నేను కూడా పెడుతున్నాను."

సంతకం చేశాడు. విస్వాల్దిస్ సిరా ఆరేదాకా ఊది, కోటు లోపలి జేబులో పెట్టుకుని, ఇంకో ముక్క రొట్టె రుమాల్లో చుట్టుకుని లేచాడు. రాత్రికి ప్రెస్సుకి ఎక్కుతుందన్నాడు. వెళ్ళేటప్పుడు మాత్రం గురువుగారూ అన్నాడు.

తలుపు మూసుకుంది. పొయ్యి చల్లారుతోంది. లవీజా వంగి బుట్టలో చెయ్యి పెట్టింది.

"నేను వేస్తానత్తయ్యా," అని వెల్టా రెండు అడుగులు వేసింది. అప్పటికే ముసలామె చెయ్యి బుట్ట అడుగుకి చేరింది.

లవీజా నిటారుగా లేచింది. చేతిలో తెల్ల చామంతి, రేకులకి కట్టె పొట్టు. బల్ల దగ్గరికి నడిచి, పువ్వుల కట్ట ఎడమచేత్తో పట్టుకుని, కాడని ముడిలోకి మధ్యనుంచి దూర్చింది. నెమ్మదిగా నెట్టింది. ముడి బిగిసింది. కాడలన్నీ కింద ఒక్క సమానంగా వచ్చి ఆగాయి.

మార్టిన్ష్ చూశాడు. పెదాలు కదిలాయి, లెక్కపెట్టుకున్నాడో ఏమో. తర్వాత బుట్ట వంక చూశాడు. తర్వాత పెళ్ళాం వంక.

కింద వీధి తలుపు ధడాలున పడింది. కారు ఇంజను అంటుకుంది. ఇప్పుడు పరుగెత్తితే అందుతుంది. కానీ అతను లేవలేదు. ఆ రొట్టె ముక్క మాట ఎవరూ రాయించలేదు. అది అతను సొంతంగా రాసుకున్నది.

"గంట కొట్టింది నువ్వు," అన్నాడు.

వెల్టా తల ఊపింది.

"వాడు మెట్లదాకా వచ్చాడు."

మళ్ళీ ఊపింది.

"ఏమన్నాడు?"

లవీజా కూడా ఇటు తిరిగింది. కారు చప్పుడు వీధి చివరికి పోయి మలుపు తిరిగింది. పెట్టేయమన్నాడు, నీకోసం, రస్మా కోసం పెట్టేయమన్నాడు. ఆ మాట వెల్టా నాలుక మీదే ఉంది. చెబితే అది ఇతన్ని నరుకుతుంది. చెప్పకపోతే తనని. ఆమె నోరు తెరిచింది.

అక్కడ ఉందమ్మా ఆమె, నోరు తెరుచుకుని. ఇవాళ్టికి అక్కడే ఉండనివ్వండి. మీరు ఇళ్ళకి వెళ్ళి ఈ కథ ఎవరికైనా చెప్పండి, మరిచిపోకుండా చెప్పండి. పేర్లు తప్పినా ఫర్వాలేదు. ఎవరు మంచివాళ్ళని అడిగితే తెలియదనండి. పువ్వుల లెక్క ఒక్కటి మాత్రం తప్పొద్దు. ఆ ముసలాయన కుంటుకుంటూ మోసుకొచ్చినవి ఏడు. ఆరు కాదు. ఏడని చెప్పండి.